చలికాలంలో కుండీ మొక్కల సంరక్షణ

ఒకసారి నాటితే ఏళ్ల తరబడి బతికి, ఏటా చిగురించి పూసే మొక్కలను బహువార్షికాలు అంటారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాల్లో ఇళ్ల ముందూ డాబాల మీదా కుండీల్లో పెరిగే మల్లె, మందార, గులాబీ, కరివేపాకు ఈ కోవకు చెందినవే. చలికాలంలో చికాగో, టొరంటోల్లో కుండీలోని నీరు గడ్డకట్టి, సుమారు 9 శాతం వ్యాకోచించి, మట్టి కుండీలను పగలగొడుతుంది కనుక అక్కడి తెలుగువారు కరివేపాకు, మల్లె కుండీలను చలి ముదరకముందే ఇంట్లోకి చేరుస్తారు. డిసెంబర్, జనవరి చలిగాలులకు రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు పడిపోయినా జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిల్లో మాత్రం నీరు గడ్డకట్టదు. ఇక్కడ కుండీ మొక్కకు చలికన్నా మితిమీరిన తడే ఎక్కువ చేటు చేస్తుంది.

నేలలో నాటిన మొక్క వేళ్లను చుట్టూ ఉన్న మట్టి రాత్రి చలి నుంచి కాపాడుతుంది గానీ, కుండీలోని కొద్దిపాటి మట్టి నాలుగు వైపుల నుంచీ త్వరగా చల్లబడుతుంది. చల్లబడిన మట్టిలో వేళ్లు నీటిని మెల్లగా పీల్చుకుంటాయి, తేమ కూడా ఆలస్యంగా ఆవిరవుతుంది. అప్పుడూ ఎండాకాలంలో పోసినంత నీరే పోస్తే మట్టి రేణువుల మధ్య గాలి ఉండవలసిన ఖాళీలన్నీ నీటితో నిండి, ప్రాణవాయువు అందక వేళ్లు కుళ్లుతాయి. ఆకులు పసుపుబారి వాడిపోవడం చూసి నీరు చాలలేదని మరికొంత పోస్తే కుళ్లు మరింత ముదురుతుంది. అందువల్ల పైమట్టి రెండు అంగుళాల లోతు వరకు ఆరిందని వేలితో చూసుకున్నాకే, అదీ ఉదయం పూట నీరు పోయాలి. అడుగు రంధ్రాలు మూసుకుపోకుండా కుండీలను ఇటుకల మీద నిలపాలి. చలికాలపు సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి దక్షిణం వైపు చూసే గోడ పక్కన పెట్టిన మొక్కలకు పగలు ఎండ, రాత్రి గోడ వెచ్చదనం రెండూ అందుతాయి.

అయితే అన్ని మొక్కలకూ ఒకే పద్ధతి పనికిరాదు. అక్టోబర్‌లో కత్తిరించిన గులాబీ చలికాలంలోనే బాగా పూస్తుంది కనుక దానికి ఎరువు, ఎండ తగ్గకూడదు. మంచు తేమకు ఆకులపై తెల్లటి బూడిద తెగులు వ్యాపించకుండా మొదట్లోనే సోకిన ఆకులు తుంచివేయాలి. మందార, కరివేపాకు ఎదుగుదల మందగిస్తుంది కాబట్టి వాటికి ఎరువు ఆపి, చలి తగ్గే ఫిబ్రవరిలో కుండీ మార్చడం మేలు. మల్లెకు నవంబర్ నుంచి నీరు తగ్గించి విశ్రాంతినిచ్చి, ఆ తర్వాత కొమ్మలను కత్తిరించి, మాగిన పశువుల ఎరువు వేసి మళ్లీ తడులు మొదలుపెడితే కొత్త చిగుళ్లు వస్తాయి. మల్లె మొగ్గ తొడిగేది ఆ కొత్త చిగుళ్లకే కనుక, వేసవిలో ఇంటికి దక్కే పూలు చలికాలపు ఈ కత్తిరింపు మీదే చాలావరకు ఆధారపడి ఉంటాయి.