క్యూసెక్కులు చూసి... గాలం వేస్తారు!

చలి నదిలో స్టీల్‌హెడ్ వేట ఉద్యోగ వేటకు నేర్పే లెక్క

జనవరి, ఫిబ్రవరి నెలల్లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర నదుల్లో నీళ్లు నాలుగైదు డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటాయి. ఆ నీళ్లలో నడుముదాకా దిగి పొద్దంతా గాలం వేసేవాళ్లున్నారు. ఒక్క చేప కూడా తగలకుండా ఇంటికెళ్లే రోజులే వాళ్లకు ఎక్కువ. వాళ్లు వెతికే చేప పేరు స్టీల్‌హెడ్. ‘వెయ్యి విసుర్ల చేప’ అని దానికి పేరు.

అప్లికేషన్లు వరసగా పెట్టి, రిప్లై రాని ఇన్‌బాక్స్‌ని రోజూ తెరిచి చూసేవాళ్లకు ఈ పేరు కొంచెం దగ్గరగానే వినిపిస్తుంది. ‘ఓపిక పట్టాలి’ అని మనకు అందరూ చెప్తారు. ఈ వేటగాళ్లకూ ఓపిక కావాలి. కానీ వాళ్లు దాన్నొక్కదాన్నే నమ్ముకోరు. నీళ్లలో అడుగు పెట్టకముందే సగం పని లెక్కలతో పూర్తిచేస్తారు.

ఆకలి లేని చేప

స్టీల్‌హెడ్, రెయిన్‌బో ట్రౌట్... రెండూ ఒకే జాతి. శాస్త్రీయ నామం ఆంకోరింకస్ మైకిస్. నదిలోనే ఉండిపోతే రెయిన్‌బో ట్రౌట్. సముద్రానికి వెళ్లి, పెరిగి, గుడ్లు పెట్టడానికి తిరిగొస్తే స్టీల్‌హెడ్. చలికాలపు స్టీల్‌హెడ్ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా నదుల్లోకి వస్తుంది. చినూక్, కోహో సాల్మన్లు గుడ్లు పెట్టాక చనిపోతాయి. స్టీల్‌హెడ్‌లో మాత్రం కొన్ని బతికి, మళ్లీ సముద్రానికి వెళ్లి ఇంకోసారి వస్తాయి.

తిరిగొచ్చిన చేప నదిలో పెద్దగా తినదు. పైగా చల్లని నీళ్లలో దాని ఒంట్లో వేగం తగ్గిపోతుంది. దూరం నుంచి ఎరను వెంటాడి రాదు. ఇక్కడ ఎర అంటే వానపాము కాదు. ఈకలు, బొచ్చు, దారంతో గాలానికి కట్టిన ‘ఫ్లై’. దానికి బరువు దాదాపు ఉండదు. అందుకే బరువైన లైన్‌ని విసిరితే దాంతోపాటు ఫ్లై వెళ్తుంది. పెద్ద నదుల్లో రెండు చేతులతో పట్టే స్పే రాడ్ వాడతారు. ఆ పేరు స్కాట్లాండ్‌లోని స్పే నది నుంచి వచ్చింది. చలికాలంలో వాడే పొట్టి, బరువైన లైన్‌కి వాషింగ్టన్‌లోని స్కాజిట్ నది పేరే పెట్టారు.

దిగే ముందు డేటా

అమెరికా జియలాజికల్ సర్వే నదుల మీద గేజ్‌లు పెట్టింది. నీటి మట్టం, ప్రవాహం ఎంతో చాలాచోట్ల 15 నిమిషాలకోసారి నమోదవుతాయి. ఎవరైనా ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. కొలత సెకనుకు ఎన్ని ఘనపుటడుగులు అని. అంటే ప్రకాశం బ్యారేజీ వార్తల్లో మనం చదివే క్యూసెక్కులే!

వాన పడి నది పెరుగుతూ, బురదగా ఉంటే వెళ్లరు. వాన వెలిసి, మట్టం తగ్గుతూ, నీళ్లు ఆకుపచ్చగా తేటపడుతుంటే బయల్దేరతారు. ఒకే నదిలోనూ తేడాలుంటాయి. హిమానీనదాల నీళ్లు కలిసే సాక్ నది, రాక్‌పోర్ట్ దగ్గర స్కాజిట్‌లో చేరుతుంది. సాక్ బురదగా ఉన్న రోజు ఆ సంగమానికి ఎగువన వెతకడమే తెలివి. స్కాజిట్ ఎగువన డ్యాములు ఉండటంతో అక్కడ నీళ్లు తొందరగా తేటపడతాయి.

విసురు... రెండడుగులు

నదిలో దిగాక కూడా పద్ధతి ఉంది. లైన్‌ని నదికి అడ్డంగా, కాస్త దిగువకు విసురుతారు. ప్రవాహం ఫ్లైని వాలుగా లాక్కుంటూ ఒడ్డువైపు తెస్తుంది. అది ఆగాక రెండడుగులు దిగువకు నడిచి మళ్లీ విసురుతారు. అలా ఆ పాయ మొత్తాన్ని ఖాళీ లేకుండా గాలిస్తారు. చలికి చేపలు మనిషి నడకంత వేగంతో పారే నీళ్లలో ఆగుతాయి. కాబట్టి ఫ్లై లోతుగా, నెమ్మదిగా వెళ్లాలి. ఏమీ తగలకపోతే లోతు మారుస్తారు, లేదా ఫ్లై మారుస్తారు. రెండూ ఒకేసారి మార్చితే దేనివల్ల పని జరిగిందో తెలీదు కదా.

నదిలోనే ఉండే ట్రౌట్‌కి లెక్క వేరు. చలికాలంలోనూ అది తింటుంది. కానీ దొరికేవి మిడ్జ్ లాంటి చిన్న పురుగులు. అందుకే 20 నుంచి 24 నంబరు గాలాలతో చాలా చిన్న ఫ్లైలు కడతారు. తెల్లవారుజామున వణకాల్సిన పనీ లేదు. నీళ్లు కాస్త వెచ్చబడే మధ్యాహ్నమే మంచి సమయం.

నదిలో చేపే లేకపోతే?

అసలు ప్రశ్న ఇదే. స్కాజిట్ కలిసే ప్యూజెట్ సౌండ్ ప్రాంతపు స్టీల్‌హెడ్‌ని 2007లో ప్రమాదంలో ఉన్న జీవుల చట్టం కింద ‘ముప్పు పొంచి ఉన్న’ చేపల జాబితాలో చేర్చారు. కొన్నేళ్లు మూసి ఉంచిన స్కాజిట్ వేటను 2018 ఏప్రిల్‌లో కొద్దిరోజులు తెరిచారు. అదీ పట్టి వదిలేసే షరతుతో. ముల్లు లేని గాలం వాడాలి, సహజంగా పుట్టిన చేపని నీళ్లలో నుంచి పైకి తీయకుండానే వదిలేయాలి. ఆ ఏడాది ఎన్ని చేపలు తిరిగొస్తాయన్న శాస్త్రవేత్తల అంచనాని బట్టే సీజన్ ఉంటుంది. అంచనా మరీ తక్కువైతే నది తెరవరు. అప్పుడు ఎంత గొప్ప వేటగాడైనా ఇంట్లో కూర్చోవాల్సిందే.

నియామకాలు ఆగిపోయిన సమయంలో రిప్లై రాకపోవడం మీ చేతకానితనం కాదు. అలాగని అన్ని తప్పులూ మార్కెట్ మీదకి నెట్టేయడమూ కుదరదు. ఈ రెండింటి తేడా తెలుసుకోవడానికే లెక్క రాసుకోవాలి.

మీ వేటకు నాలుగు పనులు

• ముందు గేజ్ చూడండి. ఆ పోస్టింగ్ ఎప్పటిది? ఆ టీమ్ నిజంగా తీసుకుంటోందా? తెలిసిన సీనియర్‌ని అడిగాకే గంట కేటాయించండి.

• ఖాళీ వదలకండి. మీ స్కిల్‌కి సరిపడే కంపెనీల లిస్టు రాసి, పై నుంచి కిందకు వరసగా వెళ్లండి. కనబడిన ప్రతి లింకూ నొక్కడం వెతకడం కాదు.

• ఒక్కటే మార్చండి. రెజ్యూమే మార్చిన వారం, అప్లై చేసే రోల్ మార్చకండి. తేదీ, రోల్, ఏ రెజ్యూమే, ఎక్కడ ఆగింది... ఒక షీట్‌లో రాయండి. అసలు కాల్సే రాకపోతే రెజ్యూమే, రోల్ చూసుకోవాలి. టెస్టులో ఆగిపోతుంటే ప్రాక్టీస్ కావాలి. ఇంటర్వ్యూలో ఆగిపోతుంటే మాక్ ఇంటర్వ్యూలు కావాలి.

• చలి హద్దు తెలుసుకోండి. చల్లటి నీళ్లలో ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోవచ్చు. అందుకే వేటగాళ్లు జతగా వెళ్తారు, చేతికర్ర పట్టుకుంటారు, కాళ్లు మొద్దుబారకముందే ఒడ్డెక్కుతారు. మీరూ ఒంటరిగా వెతక్కండి. ఒక ఫ్రెండ్‌తో కలిసి ప్రతివారం షీట్ చూసుకోండి. మనసు మొద్దుబారితే రెండు రోజులు ఆగండి.

ఈ నదిలోనే ఒక ప్రాజెక్టు

కోడింగ్ వచ్చినవాళ్లకు ఇంకో మాట. ఆ గేజ్‌ల డేటా ఏపీఐ ద్వారా కూడా దొరుకుతుంది. ఒక నదిని ఎంచుకుని, వాన తర్వాత ప్రవాహం ఎన్ని గంటల్లో తగ్గుతోందో పైథాన్‌తో లెక్కకట్టి, గ్రాఫ్ గీసి, ‘రేపు వెళ్లొచ్చా?’ అని చెప్పే చిన్న పేజీ చేయండి. సివిల్ వాళ్లకు హైడ్రాలజీ, సీఎస్ఈ వాళ్లకు టైమ్ సిరీస్... రెండూ అందులో ఉన్నాయి. అందరి రెజ్యూమేల్లో ఉండే టైటానిక్ డేటాసెట్ కంటే దీని గురించి ఇంటర్వ్యూలో మాట్లాడటానికి ఎక్కువ ఉంటుంది. ఈ వారాంతంలో ఒక గేజ్ డేటా దించుకోండి, మొదటి గ్రాఫ్ గీయండి.