ఇంటి వర్క్‌షాపు కోసం పాత డ్రిల్లింగ్ యంత్రాన్ని ఎంచుకోవడం

డ్రిల్లింగ్ యంత్రం భాగాలను, అవి పనిచేసే తీరును వెనుకటి భాగంలో తెలుసుకున్నారు. ఆ పరిజ్ఞానాన్ని ఇప్పుడు ఒక కొనుగోలు నిర్ణయానికి ఉపయోగిద్దాం. చిన్న వర్క్‌షాపులు మూతపడినప్పుడు, ఐటీఐలు పాత పరికరాలను వేలం వేసినప్పుడు ముప్పై నలభై ఏళ్ల నాటి పిల్లర్ డ్రిల్లింగ్ యంత్రాలు అమ్మకానికి వస్తాయి. బాలానగర్ వంటి పారిశ్రామిక వాడల చుట్టుపక్కల ఉండే మీలో కొందరు వీటిని చూసే ఉంటారు. మందమైన పోత ఇనుముతో చేసినవి కాబట్టి ఇవి ఒత్తిడికి తేలికగా వంగవు. అదే ధరకు దొరికే కొత్త తేలికపాటి యంత్రం కంటే మంచి పాత యంత్రం నిటారైన రంధ్రం చేస్తుంది. అయితే చెడ్డ పాత యంత్రం కొంటే, పెట్టిన డబ్బు పాత ఇనుము ధరకు తప్ప తిరిగి రాదు.

పరిమాణం, వేగం

మన దేశంలో యంత్రాన్ని అది ఉక్కులో చేయగల రంధ్రం వ్యాసంతో పిలుస్తారు: 13 మి.మీ., 20 మి.మీ., 25 మి.మీ. అని. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ 14 అంగుళాల యంత్రం అంటే 14 అంగుళాల వ్యాసం గల పళ్లెం నడిమధ్యన రంధ్రం చేయగలిగినది. అంటే స్తంభం నుంచి స్పిండిల్ మధ్యరేఖకు దూరం 7 అంగుళాలు. అక్కడ 1930ల నుంచి డెల్టా, వాకర్-టర్నర్ వంటి సంస్థలు ఇంటి వర్క్‌షాపులకు పనికివచ్చే యంత్రాలను తయారుచేశాయి. అక్కడ స్థిరపడిన తెలుగువారు గ్యారేజీ అమ్మకాల్లో పాత యంత్రం చూడబోతే ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

కొనేవారు సాధారణంగా పరిమాణం అడుగుతారు, వేగం అడగరు. నా దృష్టిలో వేగమే ముందు అడగాలి. నిమిషానికి తిరగవలసిన చుట్లను ఈ సూత్రంతో లెక్కిస్తాం:

చుట్లు = (1000 × కోత వేగం) ÷ (3.14 × బిట్ వ్యాసం)

హైస్పీడ్ స్టీల్ బిట్‌తో మెత్తని ఉక్కును కోసేటప్పుడు కోత వేగాన్ని నిమిషానికి సుమారు 25 మీటర్లుగా తీసుకుందాం. 5 మి.మీ. బిట్‌కు దాదాపు 1590 చుట్లు, 10 మి.మీ. బిట్‌కు 800, 20 మి.మీ. బిట్‌కు 400 వస్తాయి. నాలుగు మెట్ల పుల్లీ జత ఒక్కటే ఉన్న చాలా యంత్రాల్లో కనిష్ఠ వేగం 600, 700 చుట్ల దగ్గరే ఆగిపోతుంది. కొయ్యపనికి అది చక్కగా సరిపోతుంది. ఉక్కులో పెద్ద రంధ్రం చేయబోతే మాత్రం బిట్ అంచు కాలిపోతుంది. మోటారుకూ స్పిండిల్‌కూ నడుమ మూడో పుల్లీ ఉన్న యంత్రం ఇంకా నెమ్మదిగా తిరగగలదు. ఉక్కుపని చేయాలనుకునేవారు అలాంటిదాన్నే వెతకాలి.

స్పిండిల్ పరీక్ష

ఎక్కువ సమయం వెచ్చించవలసింది ఇక్కడే. ముందుగా బెల్టు తీసేసి స్పిండిల్‌ను చేత్తో తిప్పండి. గరగరమని చప్పుడు వస్తే బేరింగులు అరిగాయని అర్థం. సాధారణంగా వాటిని కొత్తవి వేసుకోవచ్చు కాబట్టి అది బేరానికి కారణమే తప్ప తిరస్కరించడానికి కాదు.

తరువాత క్విల్. స్పిండిల్‌ను తనలో పెట్టుకుని పైకీ కిందికీ కదిలే ఉక్కు గొట్టమే క్విల్. దానిని పూర్తిగా కిందికి దించి, చక్‌ను పట్టుకుని ముందుకూ వెనక్కూ, పక్కలకూ ఊపి చూడండి. కంటికి కనిపించేంత ఊగితే అనుమానించాలి. కొన్ని నమూనాల్లో హెడ్ పోతలో చీలిక, దాన్ని బిగించే బోల్టు ఉంటాయి. అలాంటివాటిలో ఊగుడును కొంత సర్దవచ్చు. లేనివాటిలో రంధ్రాన్ని బోరింగ్ చేయించి కొత్త బుష్ వేయించాలి. అది ఇంటివద్ద అయ్యే పని కాదు.

మూడోది, తిరిగేటప్పుడు బిట్ కొట్టే వంకర. చక్‌లో నిటారైన రాడ్‌ను బిగించి, టేబుల్ మీద పెట్టిన డయల్ గేజి మొనను దానికి ఆనించి, స్పిండిల్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పండి. ముల్లు 0.1 మి.మీ. లోపల కదిలితే ఇంటిపనికి ఇబ్బంది లేదు. అంతకంటే ఎక్కువైతే లోపం చక్‌లో ఉందా, స్పిండిల్‌లో ఉందా అన్నది తేల్చాలి. వంకర ఎక్కువగా ఉన్నవైపు స్పిండిల్ మీదా చక్ మీదా సుద్దతో గుర్తు పెట్టండి. చక్‌ను విడదీసి, అరచుట్టు తిప్పి మళ్లీ అమర్చి కొలవండి. వంకర స్పిండిల్ గుర్తు వైపే ఉంటే లోపం స్పిండిల్‌ది. చక్ గుర్తుతోపాటు జరిగితే లోపం చక్‌ది, లేదా రాడ్‌ది. రాడ్‌ను ఒక్కదాన్నే చక్‌లో తిప్పి బిగించి చూస్తే ఆ సందేహమూ తీరుతుంది. చక్ కొత్తది దొరుకుతుంది. స్పిండిల్ వంగిన యంత్రాన్ని వదిలేయడం మంచిది.

చక్ విప్పినప్పుడు స్పిండిల్ కొసను కూడా చూడండి. లోపల మోర్స్ టేపర్ ఉంటే, చక్ తీసి టేపర్ కాడ గల పెద్ద బిట్లను నేరుగా అమర్చుకోవచ్చు. చక్ జారి తిరిగిన గీతలు ఆ టేపర్‌లో లోతుగా ఉంటే పట్టు సరిగా ఉండదు.

పోత, రంగు, తప్పిపోయిన భాగాలు

టేబుల్‌పై బిట్ దిగిన గుంటలు ఎన్ని ఉన్నా పెద్దగా పట్టించుకోనక్కరలేదు. పగులును మాత్రం పట్టించుకోవాలి. టేబుల్ చేయి స్తంభాన్ని బిగించి పట్టుకునే చోట పగుళ్లు ఎక్కువగా వస్తాయి. కొత్తగా రంగు వేసిన యంత్రం కంటే తుప్పుపట్టిన యంత్రాన్నే నేను నమ్ముతాను. లప్పం పెట్టి రంగు పూస్తే పగులు కంటికి కనబడదు. చిన్న సుత్తితో తట్టితే మంచి పోత ఖంగుమంటుంది, పగిలినది బొంగురుగా పలుకుతుంది. పైన పూసిన తుప్పును కిరోసిన్, ఎమెరీ గుడ్డతో తీసేయవచ్చు.

పుల్లీ, క్విల్‌ను పైకి లాగే స్ప్రింగు, హ్యాండిల్ లేని యంత్రమైతే వాటిని చేయించే ఖర్చును అడిగిన ధరకు కలిపి, కొత్త యంత్రం ధరతో పోల్చండి. ఆ స్ప్రింగు చుట్టలో బలమైన బిగువు ఉంటుంది, దాని మూతను ఊరికే విప్పకూడదు.

మోటారు, భద్రత

కార్ఖానాల నుంచి వచ్చినవాటిలో చాలావాటికి 415 వోల్టుల త్రీఫేజ్ మోటారు ఉంటుంది. ఇంటికి వచ్చేది 230 వోల్టుల సింగిల్ ఫేజ్. 13 మి.మీ. యంత్రానికి అర హార్స్‌పవర్, 1440 చుట్ల సింగిల్ ఫేజ్ మోటారు అమర్చడం సులువైన మార్గం. సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీఫేజ్ ఇచ్చే డ్రైవ్ కూడా దొరుకుతుంది. కానీ అది మామూలుగా ఇచ్చేది 230 వోల్టులే కాబట్టి, డెల్టా కలయికలో 230 వోల్టులకు నడిచే మోటారు అయితేనే పూర్తి బలం వస్తుంది. మోటారు పేరుపలక చదవకుండా డ్రైవ్ కొనవద్దు. అమెరికా నుంచి తెచ్చిన యంత్రాల మోటారు సాధారణంగా 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌లది. దాన్ని మార్చుకోవడమే మేలు.

బెల్టు మూత లేకపోతే రేకుతోనైనా చేయించండి. ఎర్తింగ్ తప్పనిసరి. కరెంటు పోయి వచ్చినప్పుడు యంత్రం తనంతట తాను తిరగకుండా ఆపే స్టార్టర్ పెట్టించండి. ఈ యంత్రం దగ్గర చేతి తొడుగులు వేసుకోరాదు. తిరిగే బిట్ తొడుగును పట్టి లాగితే వేలు కూడా దానివెంట పోతుంది. యంత్రం బరువంతా పైభాగంలోనే ఉంటుంది కనుక హెడ్, టేబుల్ విడదీసి తరలించి, ఇంటికి చేరాక బోల్టులతో నేలకో బల్లకో బిగించాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఒక పాత యంత్రం కనిష్ఠ వేగం నిమిషానికి 620 చుట్లు. దానితో మెత్తని ఉక్కులో ఎంత వ్యాసం వరకు రంధ్రం చేయవచ్చో పై సూత్రంతో లెక్కించండి. (సమాధానం 13 మి.మీ. దగ్గర రావాలి.)

2. చక్‌ను అరచుట్టు తిప్పి అమర్చిన తరువాత వంకర స్పిండిల్ గుర్తు వైపే కనబడింది. యంత్రం ధర తక్కువే. కొంటారా? కారణం రాయండి.