ఒక్క వేలికి లొంగే కారు

బలం ఉండటం వేరు, ఆ బలాన్ని దారిలో పెట్టటం వేరు. ఏనుగు ఎంత బలమైనదైతేనేం, మావటివాడి చేతిలో అంకుశం లేకపోతే అది ఊరికి ఉపద్రవమే గాని ఉపకారం కాదు. 1960 తర్వాత అమెరికాలో తయారైన కొన్ని కార్ల విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. ఏనుగును తెచ్చారు. అంకుశం సంగతి తర్వాత చూసుకుందాంలే అన్నారు.

1964లో పాంటియాక్ కంపెనీ ఒక తమాషా చేసింది. ‘టెంపెస్ట్’ అనే తన మధ్యరకం సంసారపక్షపు కారులో, పెద్ద కార్లకు పెట్టే 389 ఘనపుటంగుళాల ఇంజను అమర్చి, ‘జి.టి.ఓ.’ అని పేరుపెట్టి బజారులోకి వదిలింది. ఆ ఇంజను బలం 325 అశ్వశక్తి! కుర్రకారు ఎగబడి కొన్నారు. తక్కిన కంపెనీలవారు ఊరుకుంటారా? షెవెల్, కమారో, ఛార్జర్ ఇలా ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. వీటికే ‘మజిల్ కార్లు’, అంటే కండలు తిరిగిన కార్లు అని పేరు వచ్చింది. 1973లో వచ్చిన చమురు కొరతతోను, అంతకు ముందే పెరిగిన భీమా రుసుములతోను ఆ వైభవం ముగిసింది. కాని ఆ కార్లను ప్రాణప్రదంగా దాచుకున్న కుటుంబాలు అమెరికాలో ఈనాటికీ ఉన్నాయి.

అటువంటి కారును బాగుచేయించేవారు ముందు ఇంజను చూసుకుంటారు, తర్వాత రంగు వేయించుకుంటారు. అంతా అయ్యాక రోడ్డెక్కితే ఒక ప్రశ్న ఎదురవుతుంది: “ఈ స్టీరింగును ఏం చెయ్యాలి?”

ముందు నుయ్యి, వెనుక గొయ్యి

ఆ కాలపు కార్లు రెండు రకాల స్టీరింగులతో వచ్చేవి. మొదటిది కేవలం చేతిబలంతో తిప్పేది. కారు బరువు సుమారు పదహారు వందల కిలోలు. ఇంజను ముందుండటంవల్ల అందులో ఎక్కువ భాగం ముందు చక్రాల మీదే పడుతుంది. ఆ బరువును మనిషి చేయి తిప్పగలగాలంటే పళ్ల చక్రాల లెక్క మార్చాలి. బరువులెత్తే గిలకల వరుసల్లో లాగానే, బలం తక్కువ పడాలంటే తాడు ఎక్కువ లాగాలి. జి.టి.ఓ.కు మామూలుగా ఇచ్చిన పెట్టె లెక్క 24కు 1. స్టీరింగు పెట్టె కింద వేలాడే ‘పిట్‌మన్ ఆర్మ్’ అనే చేయి 10 డిగ్రీలు కదలాలంటే, పైన చక్రాన్ని 240 డిగ్రీలు తిప్పాలన్నమాట. మలుపు వస్తే డ్రైవరు చేతులు చక్రం మీద పరుగులు తీయవలసిందే. ఇంజను మాత్రం అంత వ్యవధి ఇవ్వదు!

రెండవది పైకం ఎక్కువ ఇస్తే వచ్చే పవర్ స్టీరింగు. దాని లెక్క 17.5కు 1. అదే పని 175 డిగ్రీలతో అయిపోతుంది. తిప్పటం తేలిక. ఆ కాలపు క్రైస్లర్ కార్లయితే ఒక్క వేలితో తిరిగేవని ప్రసిద్ధి. కాని అతి తేలికే వాటి లోపం. చక్రం వేలికి లొంగుతుంది గాని, రోడ్డు మీద ఏం జరుగుతున్నదో చేతికి చెప్పదు. గాలిపటం ఎగరేసే కుర్రవాడు కళ్లు మూసుకున్నా సరే, దారం లాగుడును బట్టి పైన గాలి ఎలా ఉందో చెబుతాడు. ఆ దారం తెగిపోయినట్టే ఉంటుంది ఈ స్టీరింగు. తడిరోడ్డు మీద ముందు చక్రాలు జారబోతున్నాయన్న సంగతి డ్రైవరుకు తెలిసేసరికి జారటం పూర్తవుతుంది.

ఒక మనిషి పట్టుదల

ఇంతకూ ఈ పవర్ స్టీరింగు ఎవరి బుర్రలో పుట్టింది? ఫ్రాన్సిస్ డేవిస్ అనే అమెరికను ఇంజనీరు పియర్స్-యారో కంపెనీ లారీల శాఖలో పనిచేసేవాడు. లారీ తిప్పటానికి డ్రైవర్లు పడే యాతన కళ్లారా చూశాడు. ఉద్యోగం మానుకుని, వాల్తమ్ అనే ఊళ్లో చిన్న కర్మాగారం పెట్టుకుని నూనె ఒత్తిడితో నడిచే స్టీరింగును తయారుచేశాడు. అంతవరకు ప్రయత్నించినవారు నూనెను ఎప్పుడూ ఒత్తిడిలోనే నిలవుంచాలని చూసి కారుడు సమస్యతో విసిగిపోయారు. డేవిస్ కిటుకు వేరు. చక్రం తిప్పనంతసేపు నూనె స్వేచ్ఛగా తిరుగుతూనే ఉంటుంది. తిప్పినప్పుడు మాత్రమే ఒత్తిడి పుడుతుంది.

1926లో ఆయన దానిని కారులో అమర్చి డెట్రాయిట్‌లోని పెద్దలకు చూపించాడు. జనరల్ మోటార్స్‌వారు ముచ్చటపడి ఒప్పందం చేసుకున్నారు. ఇంతలో ఆర్థికమాంద్యం వచ్చిపడటంతో ఖర్చుకు వెనుదీసి పక్కన పెట్టేశారు. రెండవ ప్రపంచయుద్ధంలో బరువైన సైనికవాహనాలకు ఆ సాధనం అక్కరకు వచ్చింది. చివరకు 1951లో క్రైస్లర్ ‘ఇంపీరియల్’ కారుతో అది మామూలు జనం చేతికి వచ్చింది. పాతికేళ్లు ఓపిక పట్టవలసివచ్చింది పాపం!

పెట్టెలో ఏముంది?

మిషిగన్ రాష్ట్రంలోని సాగినా పట్టణంలో జనరల్ మోటార్స్‌వారి స్టీరింగు శాఖ తయారుచేసిన పెట్టెలనే చూద్దాం. లోపల మరచుట్లు గల ఇరుసు ఒకటి, దానిమీద నట్టు ఒకటి ఉంటాయి. రెంటి మధ్య ఉక్కు గోళీలు దొర్లుతుంటాయి. అందువల్ల రాపిడి తక్కువ. నట్టు జరిగినప్పుడు దాని పళ్లు పిట్‌మన్ ఇరుసును తిప్పుతాయి. నూనె ఒత్తిడి ఆ నట్టునే ఒక పక్కనుంచి తోసి సాయం చేస్తుంది.

ఎంత సాయం చెయ్యాలో నిర్ణయించేది ‘టార్షన్ బార్’ అనే సన్నని ఉక్కు కడ్డీ. చక్రం తిప్పగానే ఆ కడ్డీ కాస్త మెలిపడుతుంది. ఆ మెలికను బట్టి కవాటం తెరుచుకుంటుంది. కడ్డీ సన్నగా ఉంటే చిన్నపాటి బలానికే మెలిపడి, సాయం కుండపోతగా వస్తుంది. కొంచెం లావుగా ఉంటే చేతికి బరువు తెలుస్తుంది, దానితోపాటు రోడ్డూ తెలుస్తుంది. వెంట్రుకవాసి తేడాలోనే ఉంది అంతా!

1980 దశకంలో కమారో వంటి వేగపు కార్లకు కంపెనీవారే ఈ తప్పు దిద్దుకున్నారు. 12.7కు 1 లెక్కతో పెట్టెలు తయారుచేశారు. వెనుకటి 240 డిగ్రీల పని 127 డిగ్రీలతో సరి. పైగా అవి వెనుకటి సాగినా పెట్టెల వంశంలోనివే కావటంవల్ల చాలా పాతకార్ల చట్రానికి ఇమిడిపోతాయి. పాతకార్లవారు వీటి వెంటపడటానికి కారణం ఇదే. ఫోర్డు ‘మస్టాంగ్’ తొలి కార్లలో మాత్రం చిక్కు వేరు. అక్కడ నూనె సాధనం పెట్టె బయట కడ్డీలకు తగిలించి ఉండేది. గొట్టాలూ కవాటమూ కారటం మామూలు. దానికి బదులు అన్నీ లోపలే ఉన్న పెట్టెను అమర్చుకుంటారు.

తొందర పనికిరాదు

రోగం ఒకచోట ఉంటే మందు మరొకచోట వెయ్యటం తగదు. కారు అటూ ఇటూ పోతున్నదంటే తప్పు పెట్టెదే కానక్కరలేదు. కడ్డీల చివర కీళ్లు అరిగిపోయి ఉండవచ్చు. పెట్టెను స్టీరింగు ఇరుసుతో కలిపే రబ్బరు బిళ్ల చివికిపోయి ఉండవచ్చు. పెట్టె బిగించే చోట చట్రం చీలి ఉండవచ్చు. ముందు ఇవన్నీ చూసుకోవాలి. చీలిన చట్రానికి కొత్త పెట్టె బిగించటమంటే పుచ్చిన గుంజకు కొత్త పలుపు కట్టినట్టే.

పిట్‌మన్ ఆర్మ్ బిగుసుకుని ఉంటుంది. దానికోసమే ఉన్న పుల్లరుతో లాగాలి గాని సుత్తితో బాదకూడదు. బాదితే లోపలి గోళీలు, బేరింగులు దెబ్బతింటాయి. కొత్త పెట్టె ఇరుసు గాడులు పాత కలుపుడు భాగానికి సరిపోతాయో లేదో, పెట్టె రెండు వైపులా పూర్తిగా తిరుగుతుందో లేదో ముందే చూసుకోవాలి. కొన్ని పెట్టెల లోపల అడ్డాలు ఉంటాయి. వాటితో కారు మలుపు తీసుకోవటానికి మైదానమంత చోటు కావలసివస్తుంది!

పాత గొట్టాల మూతి లోహం మీద లోహం నొక్కి బిగించేది. తర్వాతి కాలపు పెట్టెలకు రబ్బరు వలయం ఉంటుంది. కొలతలూ మారాయి. తగిన కలుపుడు ముక్క వెయ్యకుండా బలవంతంగా బిగిస్తే నూనె కారుతుంది. చదరపు అంగుళానికి వెయ్యి పౌన్లు దాటే ఒత్తిడి అది. కారిన నూనె ఎర్రగా కాలిన పొగగొట్టం మీద పడితే నిప్పంటుకోగలదు.

ఇక అసలైన కీలకం నడిమధ్య. పెట్టెను ఈ చివరనుంచి ఆ చివరకు తిప్పి, చుట్లు లెక్కపెట్టి, సరిగా సగందగ్గర నిలపాలి. ఈ పెట్టెలు మధ్యలో బిగువుగా, అంచుల్లో వదులుగా ఉండేలా తయారవుతాయి. మధ్య తప్పిస్తే కారు తిన్నగా పోయేటప్పుడే స్టీరింగు వదులైపోతుంది. నూనె పోశాక ముందు చక్రాలు పైకెత్తి, ఇంజను ఆపి ఉంచి, స్టీరింగును నిదానంగా ఆ చివరికీ ఈ చివరికీ పలుమార్లు తిప్పాలి. లోపలి గాలి పోతుంది. లేదంటే నూనె నురగ కట్టి పంపు మూలుగుతుంది.

ఆఖరున చక్రాల అమరిక. ఆ రోజుల్లో స్టీరింగు తేలికగా ఉండాలని చక్రాల వెనుకవాలు, అంటే కేస్టర్, దాదాపు సున్నాకు పెట్టేవారు. ఇప్పటి రేడియల్ టైర్లకు, పవర్ స్టీరింగుకు అది చాలదు. మూడు డిగ్రీల పైచిలుకు వెనుకవాలు ఇస్తే మలుపు అయిన తర్వాత స్టీరింగు తనంతట తానే మధ్యకు వస్తుంది.

ఎవరి కోసం?

ఇంత శ్రమా దేనికి, పందేల కోసమా అని అడగవచ్చు. కాదు. 1966లో పాతికేళ్ల వయసులో ఇటువంటి కారు కొన్నవారికి ఇప్పుడు ఎనభై దాటాయి. మనసు నాటిదే గాని మణికట్టు నాటిది కాదు. ఈ పెట్టె మారిస్తే ఆయన తన కారును మళ్లీ తానే నడుపుకోవచ్చు. రేపు మనుమడు ఎక్కినప్పుడు, వాడికి అనుభవం లేని ఆ 325 అశ్వశక్తిని వాడి చేతులు అందుకోగలవు. పాత పెట్టెను పారెయ్యనక్కరలేదు. తుడిచి, నూనె రాసి, గుడ్డలో చుట్టి దాచుకునేవారు ఎందరో ఉన్నారు. కావాలంటే ఎప్పుడైనా తిరిగి బిగించవచ్చు.

అయితే ఒక్క మాట. మరీ వేగంగా తిరిగే పెట్టెకు సన్నకడ్డీ తోడైతే, తుమ్మినా కారు పక్కకు పోతుంది. దూరప్రయాణాలు చేసేవారికి 14కు 1 లెక్క హాయి. మంచి స్టీరింగు ఒక్క వేలికి లొంగితే చాలదు. ఆ వేలికి రోడ్డు కబురు కూడా చెప్పాలి. పగ్గం మరీ బిగిస్తే ఎద్దుకు బాధ, మరీ వదిలితే బండికి బాధ అని మన బండివాళ్లకు ఏ ఇంజనీరూ చెప్పలేదు. డెట్రాయిట్‌వారికి ఆ సంగతి తెలియటానికి ఇరవై ఏళ్లు పట్టింది!