ఎఫ్ కార్డ్ దగ్గర ఆగిపోయిన వేళ్ళు



కేరల్స్ అయిపోయిన తరువాతి వారం నాచారం నుండి ఒక తండ్రి మా డ్రెస్సింగ్ రూముకు వచ్చారు. ఏభై దాటిన మనిషి, పదేళ్ళుగా షుగర్ ఉంది. కొడుకు క్వయిర్‌లో గిటార్ వాయిస్తాడు. ఆ గిటారే పట్టుకుని ఈయనా నేర్చుకోవడం మొదలుపెట్టారు. సి, జి, ఇ మైనర్ వచ్చేశాయి, ఎఫ్ దగ్గర బండి ఆగింది. "రోజూ గంటన్నర నొక్కానమ్మా, అంత నొప్పి కూడా లేదు" అన్నారు. చూపుడు వేలి మీద బొబ్బ చితికి చీము పట్టి ఉంది. అంత నొప్పి లేదన్న మాటే మమ్మల్ని భయపెట్టింది.

చాలా ఏళ్ళు షుగర్ అదుపులో లేకపోతే నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది. సాధారణంగా పాదాలలో మొదలై తరువాత చేతులకు వస్తుంది. చెప్పులో రాయి తెలియనట్టే, వేలి కింద తీగ కోసినా తెలియదు. ఆయన వేలు దక్కింది గానీ, ఉప్పల్ మీదుగా మా దగ్గరకు చాలాసార్లు తిరగవలసి వచ్చింది.

ఇంతకీ ఎఫ్ ఎందుకంత కష్టం? మాలో ముగ్గురం సిస్టర్లం హాస్టల్ పిల్లల దగ్గర నేర్చుకుంటున్నాం కనుక అనుభవంతోనే చెబుతున్నాం. చూపుడు వేలిని మొదటి ఫ్రెట్ మీద ఆరు తీగలకూ అడ్డంగా పరచాలి. గిటార్ తల దగ్గర తీగ బాగా బిగువుగా ఉంటుంది, అక్కడ నొక్కడానికి బలం ఎక్కువ కావాలి. అందుకని అందరూ బొటనవేలితో పటకారులా నొక్కేస్తారు, అరగంటకు బొటనవేలి మొదలు లాగేస్తుంది.

నిజానికి చూపుడు వేలు మూడు తీగలనే గట్టిగా పట్టాలి: ఆరవది, రెండవది, ఒకటవది. మిగతా మూడూ వేరే వేళ్ళ పని. ఈ సంగతి తెలిశాక మాకు సగం బరువు దిగింది. వేలిని బల్లపరుపుగా కాక, బొటనవేలి వైపు ఎముక గట్టిగా ఉండే అంచు మీదికి కొద్దిగా వాల్చి, ఫ్రెట్ పక్కనే ఆనించండి. మోచేయి ఒంటికి దగ్గరగా ఉంచి చేతి బరువుతో వెనక్కి లాగండి. ముందు ఇదే ఆకారాన్ని అయిదవ ఫ్రెట్ దగ్గర సాధన చేయండి, అక్కడది ఎ కార్డ్ అవుతుంది. అక్కడ పలికాక ఒక్కొక్క ఫ్రెట్ కిందికి దిగవచ్చు. అంతవరకు పాట ఆగనక్కరలేదు. సి శృతిలో పాడవలసిన పాటకు అయిదవ ఫ్రెట్ దగ్గర క్యాపో పెట్టి జి, సి, డి ఆకారాలతో వాయిస్తే ఎఫ్ ఆకారం అవసరమే రాదు. ఇది దొంగదారి అని మా హాస్టల్ పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి.

తీగలు మరీ ఎత్తుగా ఉంటే గిటార్ బాగుచేసే వారితో దించించండి, సన్నని తీగలు వేయించండి. 1965లో ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్‌లో టోనీ అయోమీ అనే పదిహేడేళ్ళ కుర్రవాడికి ఫ్యాక్టరీ యంత్రంలో రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. అవి తీగలు నొక్కే చేతి వేళ్ళు. ప్లాస్టిక్ కరిగించి తొడుగులు చేసుకుని, సన్నని తీగలు వేసుకుని గిటార్ వాయించాడు, ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. ఆయన బృందం పాటలు మన ఇళ్ళలో వినేవి కావనుకోండి. కానీ నాచారం పారిశ్రామికవాడలో మిషను కింద వేలు నలిగి వచ్చే కుర్రవాళ్ళకు కట్టు కడుతూ మేము ఈ కథే చెబుతుంటాం.

మొదట్లో వేలి కొసలు మండటం మామూలే. రోజూ పది పదిహేను నిమిషాలు వాయిస్తే కొద్ది వారాలలో కాయలు కాస్తాయి. బొబ్బ వస్తే చిదమవద్దు, ఆరేవరకు ఆపండి. స్నానం అవగానే మెత్తబడిన వేళ్ళతో వాయించవద్దు. అయితే తిమ్మిరి, రాత్రి చేయి మొద్దుబారి మెలకువ రావడం, మణికట్టు నుండి పైకి పాకే నొప్పి వేరే సంగతి. వాటిని పట్టుదలతో దాటాలని చూడక డాక్టరుకు చూపించండి.

షుగర్ ఉన్నవారు వాయించిన ప్రతిసారీ వేళ్ళను వెలుతురులో కళ్ళతో చూసుకోవాలి, నొప్పి చెబుతుందని ఆగవద్దు. కాయ కాచిన వేలి నుండి రక్తం సరిగా రాదు కనుక, గ్లూకోమీటరుకు రెండవ చేతి వేలి పక్క భాగంలో గుచ్చుకోండి. తీగ కొస గుచ్చుకుంటే సబ్బుతో కడిగి, టీటీ ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి.

మాకూ ఒక చిక్కు వచ్చింది. నరం వెతికేది ఎడమ చూపుడు వేలితోనే. కాయ కాచాక స్పర్శ మందగించి, ఇప్పుడు మధ్య వేలితో వెతకడం అలవాటు చేసుకుంటున్నాం.

నాచారం తండ్రిగారు మొన్న షుగర్ పరీక్షకు వచ్చి ముందుగా రెండు చేతులూ చాపి చూపించారు. వేళ్ళు శుభ్రంగా ఉన్నాయి. క్యాపోతో రెండు పాటలు వస్తున్నాయట. ఎఫ్‌లో మాత్రం ఆరవ తీగ ఇంకా జిర్రుమంటోందట. మాకూ అంతే.