ఒంటిచక్రపు బండిపై తూకము నిలుపుట

జపాను దేశములోని అనేక ప్రాథమిక పాఠశాలల ఆటస్థలములలో ఒంటిచక్రపు బండ్లు వరుసగా నిలిపియుండును. విరామ సమయములో పిల్లలు వాటిని తీసికొని ఇనుపకమ్మీల వద్దకు పోయి, ఒక చేత కమ్మీని పట్టుకొని, సీటుపై కూర్చుండి తొక్కనారంభింతురు. కొంతకాలమునకు కమ్మీని వదలుదురు. పిదప చేతులు కలుపుకొని గుండ్రముగా తిరుగుదురు. మనలో చాలమంది ఈ బండిని సర్కసులో మాత్రమే చూచియుందుము. అది పుట్టుకతో వచ్చిన ప్రతిభ యనుకొని చప్పట్లు కొట్టి ఇంటికి వత్తుము. ఎనిమిది తొమ్మిది ఏండ్ల పిల్లలు బడిలో నేర్చుకొనగల పనికి అంతటి ప్రతిభ యక్కరలేదు. అయినను నేర్చుకొనువారందరును మొదట ఇంచుమించు ఒకే విధముగా పడుదురు. ఆ పడుటకు కారణమేమో చూతము.

బండి నిర్మాణము మిక్కిలి సులభము. ఒక చక్రము, దాని ఇరుసుకు రెండువైపుల బిగించిన క్రాంకులు, వాటి చివర పెడళ్లు, పైన ఫోర్కు, ఆపైన సీటు. గొలుసు లేదు, హ్యాండిలు లేదు. మామూలు సైకిలుకు ఉండు ఫ్రీవీలు కూడ లేదు. అనగా కాళ్లు ఆగినచో చక్రము ఆగును, కాళ్లు వెనుకకు తిరిగినచో చక్రము వెనుకకు పోవును. 1870 ప్రాంతమున ఇంగ్లండులో ప్రచారమునకు వచ్చిన పెద్ద ముందుచక్రపు సైకిలులోను పెడళ్లు చక్రపు ఇరుసుకే ఉండెడివి. దానిని హఠాత్తుగా ఆపినచో వెనుకనున్న చిన్నచక్రము గాలిలోకి లేచెడిది. ఆ క్షణమున నడుపువాడు, ఇష్టమున్నను లేకున్నను, ఒంటిచక్రముపై ఉన్నట్లే.

రెండుచక్రముల సైకిలు నేలను రెండుచోట్ల తాకును. కావున ముందునకు గాని వెనుకకు గాని పడుననెడి భయము అంతగా లేదు; పక్కలకు ఒరగకుండ చూచుకొన్న చాలును. ఒంటిచక్రము నేలను తాకునది ఒక్కచోటనే. పైన కూర్చున్నవాని గరిమనాభి నేలనుండి సుమారు ఒక మీటరు ఎత్తున ఉండును. ఇది అస్థిర సమతాస్థితి. ఏ వైపునకు ఏ కొంచెము ఒరిగినను, ఆ ఒరుగుట తనంతట తాను పెరుగునే గాని తగ్గదు.

దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చును. ఒకటిన్నర మీటరు పొడవుగల కర్రను అరచేతిపై నిలువుగా నిలబెట్టుడు. కొద్ది నిమిషముల సాధనతో చాలమందికి అది సాధ్యమగును. పిమ్మట 15 సెంటీమీటర్ల పెన్సిలును వేలికొనపై నిలబెట్ట ప్రయత్నింపుడు. ఎవరికిని సాధ్యము కాదు. పొట్టిది, తేలికైనది ఏల నిలువదు? లోలకపు ఆవర్తన కాలము పొడవు యొక్క వర్గమూలమును అనుసరించి పెరుగునని చదివియున్నారు గదా. తలక్రిందుగా నున్న లోలకము పడుటకు పట్టు కాలము కూడ అట్లే పెరుగును. లెక్క కట్టినచో, కర్ర ఒరిగిన కోణము రెట్టింపగుటకు సుమారు 0.22 సెకను పట్టును, పెన్సిలుకు 0.07 సెకను మాత్రమే. మన కన్ను చూచి చేయి కదలుటకు సుమారు 0.2 సెకను కావలెను. అంతలో కర్ర ఇంకను రెట్టింపు కూడ ఒరుగదు. పెన్సిలు ఏడురెట్లు ఒరిగిపోవును. ఒంటిచక్రముపై కూర్చున్న మనిషి ఆ పొడవైన కర్రవంటివాడు. దిద్దుకొనుటకు వ్యవధి కలదు, అయితే చాల తక్కువ. సర్కసులో ఆరేడడుగుల ఎత్తు బండ్లను చూచి గుండె ఝల్లుమనును గాని, తూకము మాటకు వస్తే ఎత్తైన బండి మరింత మెల్లగా పడును. దానితో వచ్చు చిక్కంతయు ఎక్కుటలోను, పడుటలోను ఉన్నది.

కర్రను మరల చేతిలోకి తీసికొనుడు. అది నిలువుగా నున్నప్పుడు, దానితో ముందునకు నడువవలెననుకొనుడు. చేతిని నేరుగా ముందునకు జరిపినచో కర్ర వెనుకకు పడును. చేతిని మొదట రవంత వెనుకకు లాగవలెను. కర్ర ముందునకు ఒరుగును. అప్పుడు చేయి దాని క్రిందికి పరుగెత్తవలెను. ఒంటిచక్రపు బండి రహస్యమంతయు ఇదియే. ముందునకు పోవుటకు పూర్వము శరీరము ముందునకు ఒరగవలెను, చక్రము దాని క్రిందికి చేరవలెను. ఆగుటకు దీనికి వ్యతిరేకముగా, చక్రము శరీరముకంటె కొంచెము ముందునకు పోవలెను.

కొత్తవాడు సరిగా దీనికి విరుద్ధముగా చేయును. ముఖము నేలకు తగులునని భయపడి నడుము వెనుకకు వంచి, కాళ్లతో పెడళ్లను నొక్కును. చక్రము ముందునకు దూసుకొనిపోవును, మనిషి వెనుక మిగిలిపోవును. బుద్ధికి తెలిసినను శరీరము ఒప్పుకొనదు. కమ్మీ యొక్క ప్రయోజనమిదియే: చేతిలో ఆధారమున్నందున ముందునకు ఒరగుటకు ధైర్యము కలుగును.

ఇంకొక చిక్కు కలదు. 20 అంగుళముల చక్రము యొక్క చుట్టుకొలత సుమారు 160 సెంటీమీటర్లు. ఒక చుట్టులో రెండుమార్లు, అనగా ప్రతి 80 సెంటీమీటర్లకు ఒకసారి, క్రాంకులు నిట్టనిలువుగా నిలుచును. ఆ స్థితిలో పెడలును ఎంత నొక్కినను బలము ఇరుసుగుండ పోవును గాని చక్రమును త్రిప్పదు. తూకము తప్పుచున్న సమయమునకు క్రాంకులు అట్లుండినచో దిద్దుకొనుటకు ఉపాయము లేదు. కొత్తవారు ఆ అరచుట్టు వద్దనే తరచుగా దిగిపోవుటకు హేతువిదే. చక్రమునకు కొంత వేగమున్నచో ఆ స్థానమును తానే దాటిపోవును. కావున మరీ మెల్లగా పోవుట కష్టము. కదలక ఒకచోట నిలుచుట ఇంకను కష్టము. ఆరితేరినవారు కూడ నిలువదలచినప్పుడు చక్రమును అరచుట్టు ముందునకు, అరచుట్టు వెనుకకు ఊపుచునే యుందురు.

బరువును సీటుపై వేయవలెననుటకును కారణము కలదు. పెడళ్లపై లేచి నిలుచున్నచో క్రిందిపాదపు బరువు పైకి వచ్చు పెడలును అణచి, చక్రము కుదుపులతో తిరుగును. క్రింది పెడలు వద్ద మోకాలు కొంచెము మాత్రము వంగునట్లు సీటు ఎత్తును అమర్చుకొనిన, బరువు దానంతట అది సీటుపై నిలుచును. చూపు చక్రముపై గాక దూరముగా ఉండవలెను.

పక్కలకు పడుట వేరు సమస్య. ఎటు ఒరుగుచున్నామో అటే చక్రమును త్రిప్పవలెను; అప్పుడది గరిమనాభి క్రిందికి చేరును. సైకిలులో హ్యాండిలు ఈ పని చేయును. ఇచట భుజములు, చేతులు ఒకవైపు విసరగా నడుము, దానితోపాటు చక్రము రెండవవైపు తిరుగును. నేర్చువారు రెక్కలార్చు పక్షివలె చేతులు కొట్టుకొనుట ఇందుకే. 2008లో జపానుకు చెందిన మురాటా సంస్థ ఒంటిచక్రముపై తిరుగు యంత్రబాలికను ప్రదర్శించినది. ముందువెనుకల తూకమును అది చక్రమును నడిపియే నిలుపుకొనును. పక్కల తూకమునకు మాత్రము దాని శరీరములో వేరుగా ఒక తిరుగు చక్రమును అమర్చిరి.

మనిషికి ఆ యంత్రపు పరికరముల స్థానమున ప్రతిచెవిలోను మూడు అర్ధవర్తుల కుల్యలు, కండరములలోను కీళ్లలోను నున్న జ్ఞాననాడులు కలవు. అవి తెలుపు వార్తలను చిన్నమెదడు పోల్చి చూచి, ఆలోచనకు అందకముందే కాళ్లను దిద్దును. ఆ దిద్దుబాటును మాటలతో నేర్పుట సాధ్యము కాదు. పడినకొలది అది సరిపడును. ఒకేరోజు అలసిపోవువరకు ప్రయత్నించుటకంటె, దినమునకు అరగంట చొప్పున కొన్ని వారములు సాధన చేయుట మేలు.

చదునైన గట్టినేల మంచిది. గడ్డిలో పడినచో దెబ్బ తగులదని కొందరు అక్కడ మొదలుపెట్టుదురు గాని, చక్రము దిగబడి ఎక్కువ బలము కావలసివచ్చును. క్రాంకు పొడవు చక్రపు వ్యాసార్ధములో ఇంచుమించు సగము మాత్రమే. పాదము నొక్కిన బలములో సగమే నేలను నెట్టును. ముందునకు పడినప్పుడు సాధారణముగా కాళ్లపైననే దిగుదుము. వెనుకకు పడుట అపాయకరము. తలకు హెల్మెటు, మణికట్టులకు రక్షణపట్టీలు ఉండవలెను. బూట్ల దారములు లోపలికి దోపుకొనవలెను. అవి క్రాంకుకు చుట్టుకొనినచో కాలు బయటకు రాదు.

కమ్మీ లేకుండ బండి ఎక్కుట చివర నేర్వవలసినది. సీటును కాళ్లనడుమ ఉంచుకొని, తనకు దగ్గరగానున్న వెనుక పెడలుపై ఒక పాదమును ఆన్చి లేవవలెను. ఆ పెడలును గట్టిగా నొక్కినచో చక్రము వెనుకకు తిరిగి పిక్కను కొట్టును. కావున ఆ పాదమును తేలికగా ఉంచి, నేలమీది పాదముతో ఎగిరి, బరువునంతయు సీటుపైకి చేర్చి, రెండవ పాదము ముందు పెడలును తాకినంతనే తొక్కవలెను.