సీటు కింద ఇంజిన్

ఆదిలాబాద్ దగ్గరి ఇచ్చోడలో జాతీయ రహదారి పక్కన కిరాయి కోసం ఆగి ఉండే టాటా ఏస్ సరుకుల బండికీ, జపాన్‌లో పుట్టిన టొయోటా ఎంఆర్2 అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారుకూ ఒక చుట్టరికం ఉంది. రెండింటిలోనూ ఇంజిన్ ముక్కు దగ్గర ఉండదు, తోక దగ్గరా ఉండదు. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ నడుమ కూర్చుంటుంది. ఆ కారులో సీట్ల వీపు వెనక, ఏస్‌లో సీటు కింద. అందుకే ఇంజిన్ చూడాలంటే ఏస్ డ్రైవరు బానెట్ ఎత్తడు, తను కూర్చున్న సీటే ఎత్తుతాడు.

బండిలో బాగా బరువైన వస్తువుల్లో ఇంజిన్ ఒకటి. దాన్ని పెట్టిన చోటును బట్టి బండి గుణం మారిపోతుంది. కావడి మోసే మనిషి గిరుక్కున తిరగలేడు. బరువు రెండు కొసల్లో వేలాడుతుంటుంది కనక తిప్పడం కష్టం, తిరగడం మొదలయ్యాక ఆపడం ఇంకా కష్టం. అదే బరువును ఒంటికి హత్తుకుంటే సులువుగా తిరుగుతాడు. ఇంజిన్‌ను నడిమికి తేవడంలో ఉన్న కిటుకు ఇదే. రేసు కార్లకు ఇది పాత సంగతి. మామూలు జీతగాడు కొనగలిగే ధరలో అలాంటి కారు చేయడమే కష్టం.

టొయోటా దాన్ని 1984లో చేసి చూపింది. కొత్త ఇంజిన్ కోసం డబ్బు తగలేయలేదు. కరోలాల్లో వాడిన 1.6 లీటర్ల, 16 వాల్వుల ఇంజిన్‌నే అడ్డంగా తిప్పి సీట్ల వెనక బిగించింది. బండి బరువు సుమారు ఒక టన్ను. జపాన్‌లో ఆ ఏటి మేటి కారుగా బహుమతి కూడా గెలుచుకుంది.

1989లో వచ్చిన రెండో తరం పెద్దదైంది, బరువెక్కింది. 2 లీటర్ల టర్బో ఇంజిన్‌తో జపాన్ మోడల్ 225 హార్స్‌పవర్ ఇచ్చేది. నడిమి ఇంజిన్‌కున్న రెండో ముఖం అప్పుడు బయటపడింది. వేగంగా మలుపు తిరుగుతూ డ్రైవరు భయపడి ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలేస్తే, బరువు ముందుకు ఒరిగి వెనక చక్రాల పట్టు సడలుతుంది. తేలిగ్గా తిరిగే బండి కనక తోక కూడా అంతే తేలిగ్గా జారుతుంది. సర్దుకునే వ్యవధి ఉండదు. కంపెనీ తర్వాతి మోడళ్లలో సస్పెన్షన్ మార్చి, టైర్లు మార్చి దాన్ని దారికి తెచ్చింది. 1999 నాటి మూడో తరం మళ్లీ తేలికైంది. పైకప్పు గుడ్డది, ఇంజిన్ 1.8 లీటర్లు, శక్తి 140 హార్స్‌పవర్. నడపడానికి ఎంత హాయో, సామాను పెట్టుకోవడానికి అంత ఇరుకు. 2007లో తయారీ ఆగిపోయింది. మూడో తరం వచ్చిన కొత్తలో మన ఊళ్లకు టొయోటా అంటే క్వాలిస్. ఇంటిల్లిపాదీ ఎక్కే బండి. నడిమి చోటంతా ఇంజిన్‌కే ఇచ్చేసిన కారులో మనుషులు ఇద్దరికి మించరు. ఎంఆర్2 ఎక్కువ ఇళ్లకు చేరలేకపోవడానికి ఇది పెద్ద కారణమని నా నమ్మకం.

అదే నడిమి చోటు మన దేశంలో పూర్తిగా వేరే అవసరానికి పనికొచ్చింది. ఎంఆర్2 పుట్టిన 1984లోనే మారుతి వ్యాన్ వచ్చింది. తర్వాత ఓమ్ని అయింది. దాని 796 సీసీ ఇంజిన్ ముందు సీట్ల కిందే ఉండేది. 2005లో టాటా ఏస్ ఆ దారిలోనే వచ్చింది. గిరీశ్ వాఘ్ నాయకత్వంలోని బృందం మూడు చక్రాల ట్రాలీలు నడిపేవాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్లకేం కావాలో అడిగి తయారుచేసిన బండి ఇది. ఇంజిన్ విషయంలో టొయోటా లాగే వీళ్లూ ఉన్నదాన్నే వాడుకున్నారు. ఇండికా కారు డీజిల్ ఇంజిన్‌కు నాలుగు సిలిండర్లు, 1405 సీసీ. అందులో రెండు తీసేస్తే 702 సీసీ. శక్తి 16 హార్స్‌పవర్, మోసే బరువు 750 కిలోలు. అంత శక్తితో అంత లోడా అనిపిస్తుంది. కింది గేర్లలో నెమ్మదిగా, గట్టిగా లాగేలా దాన్ని మలిచారు, వేగం దాని పని కాదు.

ఇంజిన్ సీటు కిందికి పోవడంతో ముందు పొడుగాటి ముక్కు అక్కర్లేకపోయింది. మిగిలిన పొడుగంతా లోడుకు దక్కింది. స్పోర్ట్స్ కారులో మనుషుల చోటు తినేసిన ఏర్పాటే ఇక్కడ చోటు సంపాదించి పెట్టింది. 2007లో అదే చట్రం మీద మనుషులెక్కే మ్యాజిక్ వచ్చింది. బస్సు దొరకని వేళల్లో పల్లెల నుంచి మండల కేంద్రానికి వచ్చేవాళ్లకు అది ఆసరా అయింది. ఎండాకాలంలో సీటు కింద ఇంజిన్ సెగ డ్రైవరుకు తగులుతుంది. ఆ సంపాదించిన చోటుకు కడుతున్న వెల అది.

పత్తి సీజన్లో మాత్రం నాకు దిగులు. పత్తి తేలికే కదా అని క్యాబిన్ కన్నా ఎత్తుగా కుక్కి, తాళ్లు బిగించి తెస్తారు. ఇంజిన్ కిందుగా ఉండటం వల్ల బండికి వచ్చే నిలకడంతా ఆ ఎత్తు మింగేస్తుంది. నిర్మల్ వైపు మహబూబ్ ఘాట్ మలుపుల్లో అలాంటి బండికి నడిమి ఇంజిన్ ఏ సాయమూ చేయలేదు. లోడు రెండు వరసలు తగ్గించి తాడు కట్టినా, ఇంకో ట్రిప్పు వేసినా ప్రాణానికి మంచిది.

2022లో ఏస్ ఈవీ వచ్చింది. సీటు కింద టకటకలాడే డీజిల్ ఇంజిన్ లేదు, సెగ లేదు. 21.3 కిలోవాట్ గంటల బ్యాటరీ, ఒక్క ఛార్జింగ్‌తో 154 కిలోమీటర్లు అని కంపెనీ లెక్క. ఇచ్చోడ నుంచి ఆదిలాబాద్ సుమారు 30 కిలోమీటర్లు. కాగితం మీద రోజుకు రెండు సార్లు వెళ్లి రావచ్చు. నిండు లోడుతో నిర్మల్ వైపు ఘాట్ ఎక్కితే ఆ 154లో ఎంత మిగులుతుందో మాత్రం కొనేవాళ్లు ఆ దారిలో నడిపించి చూసుకోవాలి.