వాయిదా అలవాటుకు కొలబద్ద

“ఆలస్యం అమృతం విషం” అన్నారు పెద్దలు. “నిదానమే ప్రధానం” అన్నదీ వారే. ఈ రెండు మాటలకూ పొంతన లేదని పైకి అనిపిస్తుంది. కాని ఆలోచించి చేయడానికి తీసుకొనే వ్యవధి వేరు. నష్టం కలుగుతుందని తెలిసి కూడా, చేయదలచిన పనిని రేపటికి నెట్టడం వేరు. ఈ రెండవదానినే మనస్తత్వ శాస్త్రజ్ఞులు వాయిదా వేసే అలవాటు అంటారు.

పొడవును కొలవడానికి మీటరు బద్ద, జ్వరాన్ని కొలవడానికి థర్మామీటరు ఉన్నాయి. మనసులోని అలవాటు కంటికి కనిపించదు. అందుకే శాస్త్రజ్ఞులు ప్రశ్నావళులను తయారు చేశారు. 1984లో అమెరికాలో లారా సాలమన్, ఎస్తర్ రాత్‌బ్లమ్ అనే పరిశోధకులు 342 మంది కళాశాల విద్యార్థులపై జరిపిన అధ్యయనాన్ని ప్రకటించారు. వ్యాసం రాయడం, పరీక్షలకు చదవడం, ఏ వారం పాఠం ఆ వారం చదువుకోవడం వంటి ఆరు రకాల పనులను గురించి విడివిడిగా అడిగారు. వ్యాసరచనను ఎప్పుడూ లేదా దాదాపు ఎప్పుడూ వాయిదా వేస్తామని నూటికి 46 మంది చెప్పారు. పరీక్షల చదువు విషయంలో అలా చెప్పినవారు నూటికి సుమారు 28 మంది. పనినిబట్టి వాయిదా మారుతుందని దీనివల్ల తెలుస్తుంది. కాబట్టి ఒక్క ప్రశ్నతో ఈ అలవాటును తేల్చలేము.

రబ్బరు టేపుతో గుడ్డను కొలిస్తే, లాగినప్పుడు ఒక కొలత, వదిలినప్పుడు మరొక కొలత వస్తుంది. మంచి కొలబద్ద అలా మారకూడదు. ఈ గుణాన్ని ‘విశ్వసనీయత’ అంటారు. దీనిని తెలుసుకోవడానికి అవే ప్రశ్నలను కొన్ని వారాల తరువాత అదే విద్యార్థులకు ఇచ్చి, రెండు ఫలితాలను పోల్చి చూస్తారు. ప్రశ్నలన్నీ ఒకే గుణాన్ని కొలుస్తున్నాయో లేదో కూడా పరీక్షిస్తారు. ఇందుకు 1951లో లీ క్రాన్‌బాక్ వివరించిన ‘ఆల్ఫా’ అనే గణన పద్ధతిని ఎక్కువగా వాడుతున్నారు. ఆలోచించకుండా అన్నింటికీ ‘అవును’ అని రాసేవారిని గుర్తించడానికి “పని చెప్పిన రోజే మొదలుపెడతాను” వంటి వ్యతిరేకార్థపు వాక్యాలను మధ్యలో చేరుస్తారు.

కొలత నిలకడగా ఉన్నంత మాత్రాన సరిపోదు. అది కొలవవలసినదానినే కొలవాలి. దీనిని ‘సప్రమాణత’ అంటారు. తనను గురించి తాను చెప్పేటప్పుడు ఎవరైనా కొంత దాచవచ్చు, కొంత మరచిపోవచ్చు. అందుకే విద్యార్థి పనిని అప్పగించిన తేదీని కూడా చూస్తారు. అయితే తేదీ ఒక్కటే చాలదు. జబ్బుపడిన తల్లికి సేవ చేస్తూ ఒక బాలిక, ఆటలో మునిగి ఒక బాలుడు, లెక్కలు ఒకే రోజు ఆలస్యంగా ఇవ్వవచ్చు. తేదీ ఇద్దరినీ ఒకే గాటన కడుతుంది. కారణం అడిగితే గాని తేడా తెలియదు.

సాలమన్, రాత్‌బ్లమ్‌లు కారణాలను కూడా అడిగారు. ఓడిపోతామనే భయం, పనిపై అయిష్టం వాటిలో ముఖ్యమైనవిగా తేలాయి. భయపడే పిల్లవానికి కావలసినది ధైర్యం. అతనిని సోమరి అని నిందిస్తే భయం మరింత పెరుగుతుంది. తప్పుడు కొలత గుడ్డను పాడుచేస్తే మరొక గుడ్డ కొనుక్కోవచ్చు. పిల్లల మీద పడిన తప్పుడు ముద్ర అంత తేలికగా పోదు. అందుకే ఈ కొలబద్ద విషయంలో శాస్త్రజ్ఞులు ఇంత జాగ్రత్త తీసుకుంటారు.